కారణం చెబితేనే బయానా

మణుగూరు,
జులై 24.

అక్కా,

నీ చీటీ భీమ్లా అన్న ఇచ్చాడు. బస్సు డ్రైవర్ సీటు దిగకుండానే కిటికీలోంచి చెయ్యి చాపి, "మీ అక్క మొకం మంచిగ లేదు తమ్మీ, జెర అర్సుకోండ్రి" అన్నాడు. విప్పి చూస్తే రెండు వాక్యాలు. వరద డ్యూటీ పడి సెలవు రద్దయింది, పెళ్లి వాయిదా వేయండి అని. పెళ్లికి మూడు వారాలుంది. అమ్మ ఆ రెండు వాక్యాలనే నాతో మళ్లీ మళ్లీ చదివించుకుంది, నేనేదో దాటేస్తున్నట్టు. నాయిన ఏమీ అనలేదు. టిఫిన్ డబ్బా పట్టుకుని సెకండ్ షిఫ్టుకు పోయాడు. మగపెళ్లివాళ్లకు, హరిప్రసాద్ బావ ఇంటికి, అమ్మే ఫోన్ చేసి చెప్పింది.

నీ మీద నాకు కోపం లేదు, ముందే చెబుతున్నా. వరదలో చిక్కిన జనానికి నర్సు కావాలి. ఆ మాట అర్థం చేసుకోలేనంత మూర్ఖుణ్ణి కాను. నా కోపం ఎవరి మీదో చెబుతాను, తీరిగ్గా చదువు. మీ మొర్రిగూడెంలో టవర్ కూలినప్పటి నుంచి ఫోన్ ఎలాగూ కలవడం లేదు కాబట్టి భీమ్లా అన్న నైట్‌హాల్ట్ బస్సే ఇక మనకు పోస్టాఫీసు.

మొదట ఫంక్షన్ హాలుకు పోయాను. మేనేజర్ రసీదు తిప్పి వెనక వైపు చూపించాడు. చీమలు పాకినట్టున్న అక్షరాలు. "ప్రకృతి వైపరీత్యము గాని, కుటుంబములో మరణము గాని సంభవించినపుడు మాత్రమే, తగిన రుజువుతో, తేదీ ఒక్కసారి మార్చబడును. ఇతర కారణములకు అడ్వాన్సు వాపసు ఇవ్వబడదు." నేనడిగాను, మా తప్పుకు మా డబ్బు పోతుంది సరే, ఆ రోజు మీ హాల్లో కరెంటు పోతే, నీళ్లు రాకపోతే, మీరు మాకేమిస్తారు, అది ఎక్కడ రాశారు అని. "గదెందుకు రాస్తం?" అన్నాడు. ఎంత నిజాయితీగా అన్నాడో చూడు. ఒక్క పక్షం వాళ్లే రాసి, ఇంకో పక్షం చేత సంతకం పెట్టించుకునే దాన్ని ఒప్పందం అనరు, హుకుం అంటారు. వినియోగదారుల హక్కుల మీద నా దగ్గరున్న కరపత్రంలో ఏకపక్ష షరతులు చెల్లవని స్పష్టంగా ఉంది. చదివి వినిపించాను. అంతా విని, "సంతకం ఎవలిది తమ్మీ?" అన్నాడు. మా నాయినది అన్నాను. "అయితే ఆయనను రమ్మను" అన్నాడు.

అక్కడి నుంచి అహ్మద్ పాషా భాయ్ టెంట్‌హౌస్‌కు పోయాను. షామియానా, కుర్చీలు, వంట బగోనలు అన్నీ ఆయనవే కదా. ఆయన తీసుకున్న బయానాకు, అంటే అడ్వాన్సుకు, కాగితమే లేదు. "నాది నోటి మాట బేటా. చావైతే మీ బయానా కొత్త తారీకుకు జరుగుతది. జబ్బైతే జరుగుతది. గోదారి వచ్చినా జరుగుతది. కొట్లాటైతే మునుగుతది."

"అట్లెందుకు పాషా భాయ్? ఆగిపోయింది ఒకటే పెళ్లి కదా."

"చావు ఎవల చేతిల లేదు. కొట్లాట మీ చేతిల ఉన్నది. మీ చేతిల ఉన్నదానికి నా బగోనలెందుకు ఖాళీగ కూసోవాలె? ఇగ చెప్పు, ఎందుకు ఆపిండ్రు?"

ఒక ఇంటివాళ్లు పెళ్లి ఎందుకు ఆపుకున్నారో బగోనలు కిరాయికిచ్చే మనిషికి ఎందుకు చెప్పాలి? ఆ మాటే అన్నాను. "చెప్పకు, నాకేంది. చెప్పకపోతే కొట్లాట కింద రాసుకుంట" అన్నాడు. రాసుకోవడానికి ఆయన దగ్గర పుస్తకం కూడా లేదు.

ఇక ఫొటోల తబ్రేజ్. పెళ్లి కాకముందే ఆల్బమ్ అట్ట మీద తారీకు అచ్చు వేయించాడట. ఏ తొందరో మరి. అట్ట ఖర్చు మనమే పెట్టుకోవాలట.

ఇంతకూ నాకు కావలసినవి రెండు. నువ్వు వరద డ్యూటీలో ఉన్నావని మీ డాక్టర్ సంతకంతో ఒక చీటీ. రెండోది కొత్త తేదీ. ఈ రెండూ పంపితే ముగ్గురి నోరూ మూయిస్తాను.

నీ తమ్ముడు,
శివకుమార్


మొర్రిగూడెం,
జులై 29.

శివా,

నీ ఉత్తరం అందింది. కోపంతో రాస్తే నీ అక్షరాలు కుడివైపుకు పరిగెడతాయి, చదవడానికి చాలాసేపు పట్టింది.

డాక్టర్ గారు మీటింగులని తిరుగుతున్నారు. చీటీ ఇప్పట్లో దొరకదు. ఆయన్ను అడగడం కూడా నాకు ఇష్టం లేదు. అడ్వాన్సులు పోతే పోనీ. నా జీతంలోంచి నెలనెలా నాయినకు ఇస్తాను. ఆయన ముందు లెక్కలు తియ్యకు.

పాషా భాయ్‌తో గొడవ పెట్టుకోవద్దు. నానమ్మ దినాలకు అడగకుండానే కుర్చీలు పంపిన మనిషి. ఆయన కారణం అడగడంలో తప్పేమీ లేదు. చెప్పకూడదనుకుంటే మనమే మునగాలి, అంతే.

తేదీ గురించి తొందర పెట్టకు. ఇప్పుడు చెప్పలేను. హరిప్రసాద్ వాళ్లింటికి నువ్వు పోవద్దు. ఏదైనా చెప్పాల్సి వస్తే అమ్మ చెబుతుంది. నిన్ను ఏమైనా అడిగితే నాకు తెలియదను, నిజంగానే నీకు తెలియదు కాబట్టి.

ఇక్కడ వాన తెరిపి ఇచ్చింది. వాగు దిగిపోయి పిల్లలు నడిచే బడికి పోతున్నారు. ఊళ్లలో జ్వరాలు మొదలయ్యాయి. పని ఉంది. పని ఉండటమే బాగుంది.

అమ్మకు బీపీ గోలీలు మానవద్దని చెప్పు.

సునంద


మణుగూరు,
ఆగస్టు 17.

అక్కా,

"పోతే పోనీ." ఎంత తేలికగా రాశావు. ఈ దేశంలో పెద్దవాడి లాభమంతా చిన్నవాళ్లు అనే ఈ పోతే పోనీ మీదనే నిలబడి ఉంది. నేను అననిస్తానా?

నువ్వు డాక్టర్ చీటీ పంపలేదు. సరే, వరద వచ్చిందని లోకమంతటికీ తెలుసు కదా, చీటీ ఎందుకు అనుకుని మళ్లీ హాలుకు పోయాను. మేనేజర్ ఫోన్ తీసి వార్తలు చూపించాడు. "మొదటి ప్రమాద హెచ్చరిక ఒక్క దినం పెట్టిండ్రు, తెల్లారి తీసిండ్రు. ఈ ఏడు గోదారి వచ్చిందా? ఎప్పుడొచ్చింది తమ్మీ, మేము నిద్రపోయినప్పుడు వచ్చిందా?" పక్కనున్న వాళ్లు నవ్వారు. అక్కా, నీ ఉత్తరంలోనే వాగు దిగిందని రాశావు. వాగు దిగాక కూడా వరద డ్యూటీ ఏమిటి? ఆఫీసులు అంతేనేమో, వరద పోయినా ఆర్డరు పోదు. అలాగే అనుకుని ఊరుకున్నాను.

నిన్న మన ముహూర్తం రోజు. ఊరికే చూసివద్దామని హాలు వైపు పోయాను. చూద్దును కదా, లోపల పెళ్లి. మన అడ్వాన్సు మింగి, అదే రోజును ఇంకొకరికి అమ్ముకున్నాడు. ఒక్క రోజును రెండుసార్లు అమ్మడం. దీనికి ఏ మర్యాద గల భాషలోనూ పేరు లేదు. నాకిది ముందే అనుమానం ఉండి, కరపత్రం రాసి జిరాక్స్ తీయించి పెట్టుకున్నాను. "ఒక తేదీ, ఇద్దరు పెళ్లికూతుళ్లు, ఎవరి సొమ్ము?" అని శీర్షిక. గేటు దగ్గర నిలబడి వచ్చే వాళ్లకు పంచాను. అందరూ చక్కగా తీసుకున్నారు. పెళ్లివారు వేయించిన ఆశీర్వచన పద్యాలనుకున్నారని తరవాత తెలిసింది. ఒక పెద్దాయన మాత్రం చెట్టు కింద నిలబడి మొత్తం చదివాడు. చదివి నా భుజం మీద చెయ్యి వేసి, "మంచిగ రాసినవ్ బిడ్డా. అన్నం తిన్నవా?" అన్నాడు. పెళ్లికూతురి మేనమామ ఆయన. నన్ను లోపలికి లాక్కుపోయి బంతిలో కూర్చోబెట్టాడు. వద్దన్నాను, వినలేదు. తిన్నాను. నిజం దాచను, వంకాయ కూర బాగుంది.

హరి బావ ఇంటికి నేను పోలేదు, నువ్వు చెప్పినట్టే. ఆయనే వచ్చాడు. బొగ్గు గనిలో ఫస్ట్ షిఫ్టు దిగి, డంపర్ దుమ్ముతోనే మన గడపలో కూర్చున్నాడు. "మీ అక్క బాగున్నదా?" అన్నాడు. బాగుందన్నాను. చాయ్ తాగి మళ్లీ, "మంచిగనే ఉన్నది కదా?" అన్నాడు. హాలు నష్టం తాను సగం పెట్టుకుంటానన్నాడు. ఇది డబ్బు సంగతి కాదు, సూత్రం సంగతి అని చెప్పాను. తలూపాడు. పాపం, ఆయనకు సూత్రాల మీద పట్టింపు లేదు. పోయేముందు చెప్పులు వేసుకుంటూ, నువ్వు రాసిన ఉత్తరాలేమైనా ఉన్నాయా అని అడిగాడు. అమ్మ లేవంది. నేను కూడా ఊరుకున్నాను.

పాషా భాయ్ ఇంకా మునిగిందని అనలేదు. "మాఘంల తారీకు చెప్పుండ్రి, కారణం కూడ చెప్పుండ్రి, నేను జరుపుత" అంటున్నాడు. రోజుకొకసారి ఆ షాపు ముందు నుంచి తల దించుకుని పోతున్నాను. ఈ మనిషి మర్యాదగా అడుగుతున్న కొద్దీ నాకు ఒళ్లు మండుతోంది.

ఏదేమైనా ఒక్క సంతోషం. నువ్వు ఆ అడవిలో ఇంకెన్నాళ్లో ఉండవు. ఆశ్చర్యపరుద్దామని ఇన్నాళ్లూ చెప్పలేదు, ఇప్పుడు చెప్పేస్తున్నా. మే నెలలో భద్రాచలం పోయి, సోమవారం అర్జీలు తీసుకునే చోట నీ బదిలీకి అర్జీ పెట్టి వచ్చాను. రోడ్డు లేని చోట, టవర్ లేని చోట, ఒక మహిళా ఉద్యోగితో చాకిరీ చేయించడం ఎంత అన్యాయమో రెండు పేజీలు రాశాను. నా పేరుతో అయితే తీసుకోబోమన్నారు, ఉద్యోగి స్వయంగా పెట్టుకోవాలట. అందుకని నీ పేరుతోనే రాసి నీ సంతకం నేనే పెట్టాను. ఆర్డరు వచ్చే ఉండాలి ఈపాటికి. మణుగూరులోనే వేయమని అడిగాను. పెళ్లయ్యాక బావకు కూడా దగ్గర.

తేదీ పంపు.

శివ


మొర్రిగూడెం,
ఆగస్టు 20.

శివకుమార్‌కు,

ఆర్డరు వచ్చింది. జులై మొదటి వారంలో వచ్చింది. "సొంత అభ్యర్థనపై" అని ఉంది అందులో. డాక్టర్ గారు నా చేతికిచ్చి, "చెప్పకుండానే పెట్టుకున్నావామ్మా, కంగ్రాట్స్" అన్నారు. ఆయన ముఖం నేను ఇంతవరకు మరిచిపోలేదు. రిలీవర్ వచ్చేదాకా వదలనన్నారు కాబట్టి ఇంకా ఇక్కడున్నాను. రిలీవర్ రాడు. ఇక్కడికి ఎవరు వస్తారు?

వరద డ్యూటీ లేదు. నా సెలవు మంజూరై టేబుల్ మీదనే ఉంది. అబద్ధం నాది.

ఎందుకు చెప్పానో కూడా విను. నిశ్చితార్థం రోజున హరిప్రసాద్ నాతో ఒక మాట అన్నాడు, "మణుగూరు దవాఖానాల ఒక పోస్టు ఖాళీ ఉన్నదట" అని. నేను నవ్వి ఊరుకున్నాను. రెండు నెలలకు, అదే దవాఖానాకు, నేను పెట్టని సంతకంతో ఆర్డరు. నేనేమనుకోవాలి? యూనియన్‌లో ఆయనకు తెలిసినవాళ్లున్నారు. పెళ్లికి ముందే నా తరఫున సంతకం పెట్టిన మనిషి, పెళ్లయ్యాక ఇంకేమి చేస్తాడో అనుకున్నాను. అడిగి ఉండవచ్చు. అడిగితే కాదంటాడేమో, ఆ కాదు అబద్ధమవుతుందేమో, అప్పుడు ఏం చేయాలని భయం. అవునంటాడేమోనని ఇంకో భయం. అందుకని గోదావరి పేరు చెప్పాను.

ఆ సంతకం నువ్వు పెట్టావు. ఉత్తరం చివర, వంకాయ కూర తరవాత, ఒక సంతోషవార్తలాగ రాశావు.

నా గురించి రెండు పేజీలు రాశావట. చాకిరీ అని రాశావట. నన్ను ఒక్క ప్రశ్న అడిగావా? నేను వచ్చిన కొత్తలో ఇక్కడ ఒక్క ఆడమనిషి కాన్పుకు ఆస్పత్రికి వచ్చేది కాదు. నేను వాళ్ల ఇళ్లకు పోయి, కూర్చుని, వాళ్ల మాటలు నేర్చుకుని, తప్పుగా పలికి వాళ్లను నవ్వించి, రప్పించుకునేసరికి ఏడాదిన్నర పట్టింది. ఇప్పుడు ఈ ఊరి పున్నమ్మ తన కోడలిని తనే చెయ్యి పట్టుకుని తీసుకువస్తోంది. నేను పోయిన మరునాడు ఈ గదికి తాళం పడుతుంది. అది నీ కరపత్రాలలో ఎక్కడైనా ఉందా? జనం కోసం జనం కోసం అని రాస్తావు. ఇక్కడున్న వాళ్లు ఎవరు మరి?

ఏకపక్ష ఒప్పందం అని హాలు మేనేజర్‌ను తిట్టావు. ఒక పక్షమే రాసి, ఇంకో పక్షం చేత సంతకం పెట్టించుకోవడం హుకుం అన్నావు. ఆయన కనీసం నాయిన చేత సంతకం పెట్టించుకున్నాడు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతున్నాను. భద్రాచలం పోయి ఆ అర్జీ వెనక్కి తీసుకో. హరిప్రసాద్ దగ్గరికి పో, ఇంటికి కాదు, ఆయన ఒంటరిగా ఉన్నచోటికి. జరిగింది జరిగినట్టు చెప్పు. నేను ఆయనను అనుమానించానని కూడా చెప్పు. నేనే చెప్పాలి, కానీ ఇక్కడ ఫోన్ లేదు, ఈ విషయం ఉత్తరంలో నాకు రాయబుద్ధి కావడం లేదు. పాషా భాయ్‌కు అసలు కారణం చెప్పు. గోదావరి పేరు మీద ఆయన దగ్గర బయానా జరిపించుకోవడం దొంగతనం.

అమ్మానాయినలకు నేను వచ్చి చెప్పుకుంటాను.

సునంద


మణుగూరు,
సెప్టెంబర్ 3.

అక్కా,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేకపోయాను. మూడు రాసి చించేశాను. మూడింట్లోనూ నన్ను నేను సమర్థించుకుంటున్నట్టే వచ్చింది. ఈసారి జరిగింది మాత్రమే రాస్తాను.

సోమవారం భద్రాచలం పోయాను. అర్జీల వరుసలో నిలబడి, నా వంతు వచ్చాక, బదిలీ వద్దు, ఉన్నచోటే ఉంచమని చెప్పాను. క్లర్కు కళ్లజోడు తీసి నన్ను చూశాడు. "అడవిల నుంచి తీయమని వస్తరు. అడవిలనే ఉంచమని ఎవలూ రాలే" అన్నాడు. పక్క టేబుల్ అతన్ని పిలిచి నన్ను చూపించాడు. ఉద్యోగి స్వయంగా రావాలట. అది వాళ్ల రూలు. ఈసారి రూలు మీద నేను వాదించలేదు. వాదించే ముఖం నాకు లేదు.

హరి బావను బొగ్గు బాయి క్యాంటీన్ వెనక కలిశాను. మొత్తం చెప్పాను. అర్జీ సంగతి, సంతకం, నువ్వు ఆయనే చేశాడనుకున్న సంగతి. గ్లాసులో చాయ్ చల్లారిపోయి మీగడ కట్టింది.

"అంటే జులై నుంచి నేనే చేసిన అనుకున్నదా?"

"అవ్."

"ఒక్క మాట అడగలె."

"భయపడ్డదట బావా."

"గా దవాఖానాల ఖాళీ ఉన్నదని చెప్పిన. ఉన్నదని చెప్పుడు తప్పా?"

"కాదు బావా."

"బావా అనకు" అన్నాడు. "ఇప్పుడే అనకు."

లేచి బాటిల్‌లో నీళ్లు పట్టుకుని వచ్చి మళ్లీ కూర్చున్నాడు. నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. "నీకు కోపం ఎక్కువ అని అందరంటరు. నాకు గట్ల అనిపించలె. నీకు నమ్మకం ఎక్కువ. నువ్వనుకున్నదే ఖరారు అనుకుంటవ్" అన్నాడు. అంతే. సైరన్ మోగింది. పోయాడు.

పాషా భాయ్‌కు కూడా చెప్పాను. షాపులో కుర్చీలు తుడిపిస్తున్నాడు. అంతా విని గడ్డం గోక్కున్నాడు. "చావు కాదు. జబ్బు కాదు. గోదారి కాదు. కొట్లాటనా అంటే పిల్ల పిల్లగాడు కొట్లాడుకోనే లేదు. నా ధందాల గిసొంటిది ఎన్నడు రాలే. ఏమని పట్టుకోవాలె దీన్ని?" అన్నాడు. నా వల్లనే కదా, మా ఇంటి కొట్లాట కిందనే పట్టుకోండి అన్నాను. "నీతోని ఎవలు కొట్లాడుతరు బేటా, నువ్వు ఒక్కనివే రెండు పక్షాలు మాట్లాడుతవ్" అన్నాడు. పనివాళ్లంతా నవ్వారు. పిల్లగాడేమంటాడో చూసి చెబుతానన్నాడు.

హరి బావ ఏమంటాడో నాకు తెలియదు. ఈ పెళ్లి ఉంటుందో లేదో తెలియదు. కుర్చీల సంగతి ఎవరికి కావాలి? నీ పెళ్లి నా చేతిలో పగిలిందేమోనని ఉంది.

శివ


మొర్రిగూడెం,
సెప్టెంబర్ 24.

శివా,

నేను మొన్న సోమవారం భద్రాచలం పోయి వచ్చాను. ఆ సంతకం నాది కాదని రాస్తే నీ మీద కేసవుతుంది. అందుకని నేనే పెట్టుకున్నాను, ఇప్పుడు మనసు మారిందని రాసి ఇచ్చాను. నా సర్వీసులో అదొక మచ్చ. ఉండనీ. ఆర్డరు ఆపారు. ఇంకొకసారి ఇలా మనసులు మార్చుకోవద్దని క్లాసు పీకారు. తల వంచుకుని విన్నాను. నీ కోసం విన్నానని గుర్తుంచుకో.

హరిప్రసాద్ వచ్చాడు. పోయిన శుక్రవారం భీమ్లా అన్న బస్సులో వచ్చి బడి వరండాలో పడుకుని, పొద్దున్నే ఓపీ బెంచీ మీద రోగుల మధ్య కూర్చున్నాడు. నేను చూశాను, పిలవలేదు. లైన్లో చాలామంది ఉన్నారు. ఆయనా లేవలేదు. పున్నమ్మ పక్కన కూర్చుని నీకేం రోగమని అడిగిందట. "నాకు తెల్వదవ్వా, సిస్టర్ చెప్పాలె" అన్నాడట. అది ఊరంతా తిరుగుతోంది ఇప్పుడు.

అందరూ పోయాక మాట్లాడుకున్నాం. క్షమించమని అడిగాను. ఆయన దానికి అవుననీ కాదనీ అనలేదు. "నువ్వు ఇక్కడనే ఉంటనంటే నాకు అడ్డం లేదు. డ్యూటీ నీది. నేను వస్త పోత, మస్తుమంది అట్లనే బతుకుతుండ్రు. కానీ నేను గట్ల చేసేటోడినని నమ్మినవ్. దానికి నాకు టైం పడ్తది" అన్నాడు. ఎంత పడుతుందని అడిగాను. తెలియదన్నాడు. అది అబద్ధం కాదని తెలిసింది నాకు. మాఘం అననా, శ్రీరామనవమి తరవాత అననా అని అడిగితే, "తారీకు పెట్టకు. పెట్టినంక మళ్లా ఆ తారీకు కోసం మనం బతకాలె" అన్నాడు. మధ్యాహ్నం మందుల అట్టపెట్టెలు లోపల పెట్టించి, మర్నాడు పొద్దున్నే అదే బస్సుకు తిరిగి పోయాడు.

కాబట్టి పెళ్లి ఉంది. తేదీ లేదు. దీనికి ఏ రసీదు వెనకాలా షరతు దొరకదు, వెతకవద్దు. హాలుకు పో, తేదీ చెప్పలేమని చెప్పి అడ్వాన్సు వదిలేసుకున్నట్టు రాసి ఇవ్వు. పాషా భాయ్‌కు కూడా అదే చెప్పు. తబ్రేజ్ అట్టకు డబ్బు కట్టు. ఎవరితోనూ ఒక్క మాట అనకు. ఎవరైనా ఎందుకని అడిగితే, మా అక్క, బావ ఇంకా మాట్లాడుకుంటున్నారని చెప్పు. అది నిజం.

హరిప్రసాద్‌ను నువ్వు ఏమీ అడగవద్దు. ఎప్పుడు, ఏమిటి, ఏమనుకున్నావు, ఏదీ వద్దు. ఇది నీకు చేతనవుతుందని నాకు నమ్మకం లేదు. చేసి చూపించు.

అక్క


మణుగూరు,
అక్టోబర్ 12.

అక్కా,

హాలు మేనేజర్‌కు రాసి ఇచ్చాను. పోరాడినప్పుడు కదలని మనిషి, వదిలేసుకుంటున్నామనగానే కంగారు పడ్డాడు. ఇందులో ఏదో ఎత్తుంది అనుకుని కాగితం ముందుకూ వెనక్కూ తిప్పి చదివాడు. ఓనర్‌కు ఫోన్ చేశాడు. "సార్, కరపత్రాల పిల్లగాడు వచ్చిండు. ఏం అడుగుతలేడు" అన్నాడు. చివరికి నాకు కూల్‌డ్రింక్ తెప్పించాడు. తాగకుండా వచ్చేశాను. అంతవరకు నన్ను క్షమించు.

తబ్రేజ్ అట్టకు డబ్బు కట్టాను. పారేయకుండా దాస్తానన్నాడు, పారేయమన్నాను.

పాషా భాయ్ కారణం విని, "మాట్లాడుకుంటుండ్రా?" అన్నాడు. అవునన్నాను. "అయితే మునగలె, జరగలె. ఉండనీ నా కాడ" అన్నాడు. అట్లా ఉండొచ్చా, మీ రూలులో లేదు కదా అని అడగబోయి ఆపుకున్నాను. నువ్వు మెచ్చుకోవాలి.

అమ్మ రోజూ తేదీ అడుగుతోంది. నాయిన నిన్న మొదటిసారి మాట్లాడాడు. "అడగకు" అన్నాడు, అమ్మతోనే.

ఇందాక బస్టాండులో హరి బావ కనిపించాడు. చేతిలో సంచీ ఉంది, భీమ్లా అన్న బస్సు కోసం నిలబడ్డాడు. మేఘం పట్టి ఉంది, ఆ బస్సు టాపేమో చిల్లులు. నన్ను చూసి, "గా బస్సుల ఏ సీటు కురవదు?" అన్నాడు. డ్రైవర్ వెనక రెండోది, కిటికీ వైపు కాదు అని చెప్పాను. పోయి అందులోనే కూర్చున్నాడు. బస్సు కదిలేదాకా కింద నిలబడ్డాను. నేనేమీ అడగలేదు అక్కా. చాలా కష్టమైంది.

శివ